డాక్టరు గీసిన గీతను ఎవరు దిద్దాలి?

వైద్యుల నడవడి మీద భారత వైద్య మండలి 2002లో చేసిన నియమావళిలో ఒక చిన్న నిబంధన ఉంది. ప్రతి డాక్టరూ ఐదేళ్లకు కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాల్లో, అంటే అందరూ సీఎంఈ అని పిలిచేవాటిలో, పాల్గొనాలి. రాష్ట్ర వైద్య కౌన్సిళ్లు దీన్ని రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ముడిపెట్టడం మొదలయ్యాక ఈ గంటల లెక్క డాక్టర్ల బతుకులోకి వచ్చింది. చర్మవ్యాధుల డాక్టరుకీ, క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే డాక్టరుకీ ఇదే లెక్క. ఒక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో ఇద్దరు రేడియేషన్ వైద్యులు దీని మీద వాదించుకున్నారు. ఇద్దరిలో పెద్దాయన్ని నర్సులు పెద్ద డాక్టరుగారంటారు. కోబాల్ట్ మిషన్ల కాలంలో పనిలో దిగారు, ఇప్పుడు లీనాక్ అనే కొత్త తరం రేడియేషన్ మిషను నడుపుతున్నారు. రెండో ఆమె చిన్న డాక్టరమ్మ. ఆయన దగ్గరే పీజీ చేసింది, రెండేళ్ల కిందట అదే ఆసుపత్రిలో చేరింది.

పెద్ద డాక్టరు: రెన్యువల్ ఫారం నింపమంటే నింపుతానమ్మా. సర్టిఫికెట్లు కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి ఫైల్లో. కానీ వాటిలో ఏ ఒక్కటీ నేను రేడియేషన్ సరిగ్గా ఇస్తానని చెప్పదు. ఫలానా ఆదివారం ఫలానా హోటల్ హాల్లో ఉన్నానంటుంది. అదీ పూర్తి నిజం కాదు. రిజిస్టర్లో సంతకం పెట్టానంతే.

చిన్న డాక్టరు: సంతకం పెట్టి, భోజనాలు కాగానే కారెక్కేవాళ్లని నేనూ చూశాను సార్. దొంగ హాజరు పడుతోందని బడి మూసెయ్యం కదా. నిబంధన ఉండబట్టి కనీసం హాలు దాకా వస్తున్నారు. అది కూడా లేకపోతే పీజీ పరీక్ష రాసిన రోజే కొందరికి ఆఖరి పుస్తకం.

పెద్ద డాక్టరు: హాలు దాకా వస్తే ఏమవుతుందో కూడా చెప్పు. 1999లో అమెరికా వైద్య సంఘం పత్రికలో డేవిస్, ఆయన సహచరులూ అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి చూశారు. ఉపన్యాసం విన్నందువల్ల డాక్టరు పని చేసే తీరు మారడం లేదని తేల్చారు. పాతికేళ్లు దాటింది. మనం ఇంకా ఉపన్యాసాలకే గంటలు కడుతున్నాం.

చిన్న డాక్టరు: ఆ వ్యాసంలో సగమే చెప్పారు మీరు. డాక్టర్ల చేత పని చేయించి, చర్చ పెట్టి, చేసింది దిద్దే తరగతుల వల్ల మార్పు కనపడిందని కూడా అందులోనే ఉంది. బోధన పనికిరాదని డేవిస్ అనలేదు. ఎలాంటి బోధన పనికొస్తుందో చెప్పాడు.

పెద్ద డాక్టరు: సరే, ఆ సగం నీకిచ్చాను. అలాంటి తరగతి మన కౌన్సిల్ లెక్కలో ఎక్కడుంది? నువ్వు హైదరాబాద్ వెళ్లి రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని గొంతు క్యాన్సర్ కేసులు గీసి వచ్చినా గంటే. ఏసీ హాల్లో కునుకు తీసినా గంటే.

చిన్న డాక్టరు: గంట కొలత తప్పంటే ఒప్పుకుంటాను. కొలతే వద్దంటే మాత్రం ఒప్పుకోను. నేర్చుకోవడం ఆగిపోతే ఆ ఖర్చు డాక్టరు మీద పడదు సార్. రోగి మీద పడుతుంది. రొమ్ము క్యాన్సర్ సంగతే చూడండి. ఆపరేషన్ అయ్యాక 50 గ్రే రేడియేషన్ మోతాదు, 25 విడతలు, ఐదు వారాలు. మనందరం చదువుకున్నది అదే. బ్రిటన్‌లో స్టార్ట్-బి ప్రయోగం 40 గ్రేని 15 విడతల్లో, మూడు వారాల్లో ఇస్తే సరిపోతుందని 2008లో చూపించింది. పదేళ్ల ఫలితాలు 2013లో వచ్చాయి. క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదు, రొమ్ము మీద దుష్ప్రభావాలు ఇంకా తక్కువే. 2020కల్లా ఫాస్ట్-ఫార్వర్డ్ ప్రయోగం ఐదు విడతలకి, ఒక్క వారానికి తెచ్చింది. 2008 తరవాత కూడా ఏళ్ల తరబడి 25 విడతలే రాసిన డాక్టర్లు మన చుట్టూ ఎంతమంది లేరు?

పెద్ద డాక్టరు: ఉన్నారు. వాళ్లని మూర్ఖులనకు. విడతకి మోతాదు పెంచితే ఏళ్ల తరవాత కండ గట్టిపడుతుందని, పక్కటెముక విరుగుతుందని, గుండెకి తగులుతుందని మా గురువులు కళ్లతో చూసి చెప్పినవాళ్లు. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఇంకో సంగతి. ఆ మూడు వారాల పద్ధతి ప్రయోగశాలలో పుట్టింది కాదు. మిషన్లు చాలక, క్యూలు తట్టుకోలేక బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు దశాబ్దాల పాటు అలాగే ఇచ్చాయి. స్టార్ట్ ప్రయోగం వచ్చి ఆ పాత అలవాటుకి రుజువు కట్టింది. అనుభవం ముందు నడిచింది, కాన్ఫరెన్స్ వెనక వచ్చింది.

చిన్న డాక్టరు: రుజువు వచ్చాక కూడా మారనివాళ్ల గురించే నేనంటున్నది. శ్రీకాకుళం పల్లె నుంచి విశాఖ వచ్చి, సత్రంలోనో బంధువుల ఇంట్లోనో ఉండి రేడియేషన్ కరెంటు పెట్టించుకునే ఆడమనిషికి పది విడతలు తగ్గాయంటే రెండు వారాల కూలి, తోడొచ్చిన కొడుకు కూలి, రెండు వారాల తిండి ఖర్చు మిగిలినట్టు. మిషను మీద ఆ పది ఖాళీలూ క్యూలో ఉన్న ఇంకో రోగికి అందేవి. డాక్టరు ఒక వ్యాసం చదవనందుకు ఇన్ని పోయాయి.

పెద్ద డాక్టరు: తొందరపడితే పోయేవి కూడా ఉంటాయి. 1999 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఒక ప్రకటన చేసింది, గుర్తుందా? నువ్వప్పుడు బళ్లో ఉండి ఉంటావు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్‌తో పాటే సిస్‌ప్లాటిన్ మందు కూడా ఇవ్వాలని, ఐదు ప్రయోగాలు చూపించి చెప్పింది. అప్పుడు నా ఎదురుగా ఉన్న రోగులెవరు? మూడో దశలో వచ్చినవాళ్లు, ఒంట్లో రక్తం లేనివాళ్లు, కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నవాళ్లు. ఆ ప్రయోగాల్లో వాళ్లలాంటివాళ్లు తక్కువ. అందరికీ ఎక్కించెయ్యకుండా ఒక్కొక్కరినీ చూసి నిర్ణయించుకున్నాను. మన టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు 3బి దశలో ఉన్న 850 మంది మీద ప్రయోగం చేసి 2018లో ఫలితం చెప్పారు. మందు కలిపితే ఐదేళ్లకు 54 శాతం మంది బతికారు, రేడియేషన్ ఒక్కటే అయితే 46 శాతం. అప్పుడు మన రోగికి మన జవాబు దొరికింది. ఆగి చూడడం కూడా చదువేనమ్మా.

చిన్న డాక్టరు: ఆగి చూడడం చదువే. కాకపోతే మీరు ఆగి చూశారు, చూసి మారారు. ఆగిపోయినవాళ్లు కూడా తాము ఆగి చూస్తున్నామనే చెబుతారు. ఎవరు ఏదో బయటి నుంచి ఎలా తెలుస్తుంది?

పెద్ద డాక్టరు: చదివే మనిషికి తనకేం తెలీదో తెలుస్తుంది. నేను ఏ హాల్లోనూ కూర్చోకుండానే ఆ 2018 వ్యాసం చదివాను.

చిన్న డాక్టరు: అక్కడే పేచీ. డేవిస్ బృందమే 2006లో ఇంకో పని చేసింది. డాక్టర్లు తమ సామర్థ్యం గురించి తాము వేసుకునే అంచనా, బయటివాళ్లు కొలిచినదాంతో ఎంత సరిపోతుందో చూసింది. సరిపోవడం తక్కువ. బాగా వెనకబడినవాళ్లలోనూ, తమ మీద గట్టి నమ్మకం ఉన్నవాళ్లలోనూ ఆ అంచనా మరీ తప్పింది. 2005లో చౌధరి అనే పరిశోధకుడి బృందం డాక్టరు అనుభవానికీ, వైద్యం నాణ్యతకీ సంబంధం చూసిన 62 పరిశీలనలు తిరగేసింది. సగానికి పైగా వాటిలో, ఏళ్లు పెరిగేకొద్దీ అన్ని కొలతల్లోనూ పనితీరు తగ్గుతూ వచ్చింది. అనుభవం దానంతటదే పాఠం చెప్పదు సార్. దిద్దేవాళ్లు లేని అనుభవంలో తప్పు కూడా అలవాటుగా ముదురుతుంది.

పెద్ద డాక్టరు: ఆ పరిశీలనల్లో ఎక్కువ భాగం మందుల చీటీలు, కొత్త మార్గదర్శకాల పరిజ్ఞానం గురించినవి. మన పనిలో చెయ్యి ఉంది. గర్భాశయంలో బ్రాకీ గొట్టం పెట్టి లోపలి నుంచే రేడియేషన్ ఇవ్వడం స్లైడు చూస్తే వస్తుందా? ఎన్ని కేసులకి నీ చెయ్యి నిలకడకొచ్చిందో నీకు తెలుసు. ఇప్పుడు నా అసలు భయం విను. కొత్తదనం పేరుతో కాన్ఫరెన్సులు దేన్ని అమ్ముతున్నాయి? మెరిసే మిషన్ని. అమెరికాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగుల్లో బ్రాకీ అందినవాళ్లు 1988లో 83 శాతం. 2009కి 58 శాతానికి పడిపోయారు. బ్రాకీ అందినవాళ్లే ఎక్కువ కాలం బతికారని ఆ అధ్యయనమే చెప్పింది. అన్నన్ని కాన్ఫరెన్సులు పెట్టే దేశం, గట్టిగా సీఎంఈ క్రెడిట్లు లెక్కపెట్టే దేశం. అక్కడ పనికొచ్చే పాత విద్య జారిపోతుంటే ఏ క్రెడిట్ ఆపింది?

చిన్న డాక్టరు: దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. కానీ అది చదువు ఎక్కువై వచ్చిన జబ్బు కాదు సార్. చెయ్యి తిరిగే చదువు తగ్గి వచ్చింది. బ్రాకీ చేసే కేంద్రంలో వారం రోజులు ఉండి నేర్చుకుంటే దానికి లెక్క ఉండి ఉంటే?

పెద్ద డాక్టరు: ఆ వారానికి డబ్బు పెట్టేదెవరు? కంపెనీ బ్రాకీ పాఠానికి పెట్టదు, కొత్త మందుకి పెడుతుంది. 2009 డిసెంబర్‌లో భారత వైద్య మండలి నిబంధన తెచ్చింది. కంపెనీల దగ్గర బహుమతులు, ప్రయాణాలు, బసలు పుచ్చుకోకూడదని. 2023 ఆగస్టు 2న, మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి వేసింది. కంపెనీలు ఖర్చు పెట్టే సదస్సుల జోలికే డాక్టర్లు వెళ్లకూడదంది. అదే నెల 23న దాన్ని పక్కన పెట్టేశారు. మూడు వారాలు బతికింది. విద్య తప్పనిసరి అంటారు, దానికి డబ్బు ఎవరిస్తారో చెప్పరు. చెప్పనప్పుడు ఇచ్చేవాడే పాఠం రాస్తాడు.

చిన్న డాక్టరు: దీనికి ఎదురు చెప్పను. అందుకే కంపెనీ హాలు అక్కర్లేని చదువు కావాలంటాను. మనం రోజూ చేసే పనిలో చూపిస్తాను. సీటీ తీశాక మీరు కంప్యూటర్ మీద ఒక్కొక్క ముక్కలోనూ గీత గీస్తారు. ఇక్కడిదాకా కణితి, ఇక్కడిదాకా అది పాకే చోటు, ఇది వెన్నుపాము, ఇది లాలాజల గ్రంథి. ఫిజిసిస్టు ప్లాన్ చేసేదీ, మిషను కిరణం వేసేదీ ఆ గీతని నమ్మే. కోబాల్ట్ రోజుల్లో చర్మం మీద చతురస్రం గీసేవారు. ఇప్పుడు మిల్లీమీటర్ల లెక్క. గీత తప్పితే మిషను ఎంత ఖరీదైనదైతే అంత కచ్చితంగా తప్పు చోట పడుతుంది.

పెద్ద డాక్టరు: తప్పుతుందని లెక్క ఉందా, ఊహా?

చిన్న డాక్టరు: లెక్క ఉంది. తల, మెడ క్యాన్సర్లలో ఒక కొత్త మందు కోసం ఆస్ట్రేలియా వాళ్ల నాయకత్వంలో చాలా దేశాల్లో ఒక ప్రయోగం జరిగింది. ఫలితాలు 2010లో వచ్చాయి. మందు ఉపయోగపడలేదు. కానీ దాదాపు ప్రతి రోగి రేడియేషన్ ప్లాన్‌నీ బయటి నిపుణులు చూశారు. 12 శాతం మంది ప్లాన్లలో, కణితి అదుపు తప్పేంత పెద్ద లోపాలున్నాయి. నియమం ప్రకారం రేడియేషన్ అందినవాళ్లలో రెండేళ్లకు 70 శాతం మంది బతికారు. ఆ పెద్ద లోపాలున్నవాళ్లలో 50 శాతం. ఏ కొత్త మందైనా 20 శాతం తేడా తెస్తే పండగ చేస్తాం. ఇక్కడ ఆ తేడా ప్లాన్‌లోనే ఉంది.

పెద్ద డాక్టరు: ఆ వ్యాసం నేనూ చదివానమ్మా. ఇంకో పట్టిక ఉంది, అది దాటేశావు. ఆ ప్రయోగానికి ఐదుగురి కంటే తక్కువ రోగుల్ని పంపిన ఆసుపత్రుల్లో పెద్ద లోపాలు దాదాపు 30 శాతం. 20 మందినీ అంతకంటే ఎక్కువమందినీ పంపినచోట 5 శాతం చిల్లర. అంటే ఎక్కువ చేసినవాడే బాగా చేశాడు. అనుభవం గెలిచింది.

చిన్న డాక్టరు: ఎక్కువమందిని పంపిన ఆసుపత్రుల్లో ఒకరికి నలుగురు డాక్టర్లుంటారు సార్. ప్రతి ప్లాన్ మీదా ఇంకొకరి కన్ను పడుతుంది. అది అనుభవమా, దిద్దుబాటా అని ఆ పట్టిక విడదీసి చెప్పదు.

పెద్ద డాక్టరు: నా మాట కూడా అంతే, విడదీసి చెప్పదు. నీకు అనుకూలంగా చదువుకున్నావు, నేను నాకు అనుకూలంగా చదువుకున్నాను.

చిన్న డాక్టరు: అయితే ఇంకోవైపు నుంచి వస్తాను. రోజూ పొద్దున మొదటి రోగి బల్ల ఎక్కకముందే ఈ లీనాక్‌ని కొలుస్తారు. వెలువడే మోతాదు 3 శాతం దాటి అటూ ఇటూ అయితే ఆపి చూస్తారు. నెలకోసారి ఇంకా గట్టిగా, 2 శాతం లోపు. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా మిషను నడవదు. రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1969 నుంచీ పోస్టులో చిన్న కొలమానాలు పంపి దేశదేశాల మిషన్ల మోతాదు పరీక్షిస్తున్నాయి. 5 శాతం తేడా దాటితే కారణం వెతుకుతారు. ఇన్ని పరీక్షలు దాటిన కిరణం, ఎవరూ పరీక్షించని గీత మీద పడుతోంది. మిషనుకి ఉన్న పూచీ మనకి అక్కర్లేదా?

పెద్ద డాక్టరు: మిషనుకి అంకె ఉంది. నీటిలో కొలమానం పెడితే అంకె వస్తుంది, ఎవరు చదివినా అదే. గీతకి అంకేది? ఒకే సీటీని పదిమంది ఉద్దండులకిస్తే పది గీతలొస్తాయి. ప్రోస్టేట్‌కి అంచు ఎక్కడ, వాచిన లింఫ్ గ్రంథిని కలపాలా వద్దా అన్నదాని మీద పెద్దవాళ్లకే మాట కలవదు. అలాంటప్పుడు నా గీత తప్పని ఎవరంటారు? హైదరాబాద్‌లో కూర్చున్నవాడా? నా రోగి నోట్లో వేలు పెట్టి పుండు అంచు తడిమి చూసింది నేను. అతను చూసింది తెర మీది బూడిదరంగు.

చిన్న డాక్టరు: ఇదే మీ అసలు వాదమని ఇప్పటికి తెలిసింది. దీనికి జవాబు, పదిమందీ ఒకే గీత గియ్యాలని కాదు. మీ గీత ఎక్కడ, ఎందుకు అలా పోయిందో ఒకరు అడగాలి, మీరు చెప్పాలి. వేలితో తడిమి చూసిన సంగతి చెబితే ఎదుటివాడు తన గీత మార్చుకుంటాడు. చెప్పడానికి ఏమీ లేకపోతే మీరు మార్చుకుంటారు. పెద్ద కేంద్రాల్లో వారం వారం అందరూ కూర్చుని కొత్త ప్లాన్లన్నీ చూస్తారు. నాలుగైదు విడతలు అయిపోయాక చూస్తే మార్చడానికి మొహమాటం అడ్డొస్తుంది, అందుకే మొదటి విడతకి ముందే చూడడం మేలు. నేర్చుకోవడం, దిద్దుకోవడం, రోగిని కాపాడుకోవడం ఒకే అరగంటలో అయిపోతాయి.

పెద్ద డాక్టరు: పెద్ద కేంద్రాల్లో అన్నావు, అక్కడే ఆగు. నువ్వు రాకముందు ఇక్కడ నేనొక్కణ్ణే. ఎవరితో కూర్చోను? రెండు రోజులు కాన్ఫరెన్స్‌కి వెళితే బ్రాకీ కేసులు ఆగేవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి మొత్తం చికిత్స ఎనిమిది వారాల లోపు ముగించాలి. ఆలస్యమయ్యే ప్రతి రోజూ అదుపు తగ్గుతుంది. నా చదువు కోసం రోగి గడువు ఖర్చు పెట్టనా? ఇవాళ్టికీ జిల్లాల్లో ఒక్క డాక్టరుతో నడిచే మిషన్లున్నాయి.

చిన్న డాక్టరు: కాబట్టే చదువు వాళ్ల దగ్గరికి రావాలి. టాటా మెమోరియల్ చొరవతో 2012లో క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఏర్పడింది. అందులో ఆన్‌లైన్ ట్యూమర్ బోర్డులు, అంటే నిపుణులు కలిసి కేసులు చర్చించే సమావేశాలున్నాయి. మన రేడియేషన్ ఆంకాలజిస్టుల సంఘమూ, దాని కాలేజీ కూడా పీజీలకి పాఠాలు పెడుతున్నాయి. యూరప్ సంఘం వాళ్లు ఒకే కేసుని ఎక్కడెక్కడివాళ్ల చేతో గీయించి, నిపుణుల గీతతో పోల్చి చూపించే వర్క్‌షాపులు నడుపుతున్నారు. పేరు, ఊరు తీసేసి ఒక సీటీ పంపితే రాత్రి తొమ్మిదికి ఇంట్లో కూర్చుని చూసేవాళ్లు దొరుకుతారు. దీనికి ప్రయాణం లేదు, హోటల్ లేదు, కంపెనీ లేదు.

పెద్ద డాక్టరు: రేపు రోగి వినియోగదారుల కోర్టుకి వెళితే? ‘ఫలానా డాక్టరు మీ గీత సరికాదన్నాడు, అయినా మార్చలేదు’ అని ఆ రికార్డు నా ముందు పెడితే? ఆ భయం ఉన్నవాడు కష్టమైన కేసు చూపించడు. తేలికైనది చూపించి క్రెడిట్ కొట్టేస్తాడు.

చిన్న డాక్టరు: ఈ భయానికి విలువ ఇవ్వాల్సిందే. నేర్చుకునే చోటునీ, శిక్షించే చోటునీ వేరుగా ఉంచకపోతే ఎవరూ నోరు విప్పరు. బ్రిటన్‌లో 2012 డిసెంబర్ నుంచి డాక్టర్లందరికీ ఐదేళ్లకోసారి రీవాలిడేషన్, అంటే లైసెన్సు నిలుపుకునే తనిఖీ, ఉంది. పరీక్ష పెట్టరు. ఏడాదికోసారి ఇంకో డాక్టరుతో కూర్చుని ఏం చేశారో, ఏం నేర్చుకున్నారో మాట్లాడాలి. అమెరికాలో రేడియాలజీ బోర్డు పదేళ్లకోసారి పెట్టే పెద్ద పరీక్ష తీసేసింది. వారానికి రెండు ప్రశ్నలు ఆన్‌లైన్‌లో వస్తాయి, ఏడాదికి 52కి జవాబు చెప్పాలి, తప్పైతే ఎందుకు తప్పో అప్పుడే చూపిస్తుంది.

పెద్ద డాక్టరు: ఆ దేశంలోనే ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు కథ కూడా చెప్పు. సర్టిఫికెట్ నిలుపుకోవడానికి కొత్త షరతులు పెడితే డాక్టర్లు తిరగబడ్డారు. 2015 ఫిబ్రవరిలో బోర్డు బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. ఎందుకొచ్చింది అంత కోపం? డబ్బు తీసుకున్నారు, టైము తీసుకున్నారు, తాము చూసే రోగులకి అందులో ఏం మేలో డాక్టర్లకి కనపడలేదు.

చిన్న డాక్టరు: ఒప్పుకుంటాను. పనికి దూరమైన చదువు ఎక్కడైనా అలాగే ముగుస్తుంది. కానీ చదువే లేకుండా కొత్త పనిముట్టు వాడితే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో ఎపినాల్ ఊరి ఆసుపత్రి చెబుతుంది. 2004, 2005ల్లో అక్కడ ప్రోస్టేట్ రోగులు ఇరవైమందికి పైగా ఎక్కువ మోతాదుకి గురయ్యారు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో కిరణాన్ని ఏటవాలుగా మలిచే వెడ్జ్ కొత్త రకానిది వాడుతూ, పాత రకం లెక్క ఎంచుకున్నారు. వాడేవాళ్లకి శిక్షణ చాల్లేదు, వాళ్ల భాషలో మాన్యువల్ లేదు. పనామాలో 2000, 2001ల్లో 28 మందికి అలాగే అయింది. షీల్డింగ్ బ్లాకుల వివరాలు కంప్యూటర్‌కి కొత్త పద్ధతిలో ఇచ్చారు, అది వేసిన లెక్కని చేత్తో సరిచూసుకోలేదు.

పెద్ద డాక్టరు: ఈ రెండూ నా పక్షాన సాక్ష్యాలు. ఆ డాక్టర్లకి 30 గంటల బదులు 300 గంటల ఉపన్యాసాలున్నా ఒక్క రోగికీ మేలు జరిగేది కాదు. తప్పు జరిగింది ప్లానింగ్ గదిలో. మన దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే కంపెనీ మనిషి వచ్చి కొన్ని రోజులు చూపించి వెళతాడు. తెర మీద ప్రతి మాటా ఇంగ్లీషే. రోగిని బల్ల మీద పడుకోబెట్టి బొటనవేలితో చర్మం జరిపి గుర్తు సరిచేసే మన టెక్నీషియన్ కుర్రాడు ఎన్ని సీఎంఈలకి వెళ్లాడు? అతనికి రిఫ్రెషర్ పాఠం తెలుగులో ఎవరు చెప్పారు? ఫిజిసిస్టు సెలవడిగితే ఇస్తామా? గొలుసులో నాలుగు లంకెలుంటే ఒక్క డాక్టరు లంకెకే కౌన్సిల్ మెరుగు పెడుతోంది.

చిన్న డాక్టరు: ఈ ఒక్క మాటకి మీ పక్షానికి వచ్చేస్తాను సార్. నిజంగానే నేను దాన్ని డాక్టరు సమస్యగానే చూస్తూ వచ్చాను. ప్లాన్ చూసే సమావేశంలో ఫిజిసిస్టు, టెక్నీషియన్, నర్సు కూడా ఉండాలి. బల్ల మీద మనిషి రోజూ ఎటు జరుగుతున్నాడో టెక్నీషియన్‌కి తెలిసినంత నాకు తెలీదు. అతను చెబితే గీత చుట్టూ నేను వదిలే మార్జిన్ మారుతుంది.

పెద్ద డాక్టరు: అయితే ఇప్పుడు చెప్పు, ఈ సమావేశానికి కౌన్సిల్ ఎన్ని క్రెడిట్లిస్తుంది?

చిన్న డాక్టరు: ఇవ్వాలనే అంటున్నాను. ఐదేళ్లకి 30 గంటలంటే నెలకి అరగంట. ఆ అరగంటకే ఇంత గొడవ పడుతున్నాం. వారానికి ఒక గంట ప్లాన్లు చూస్తే ఏడాదిలో 50 గంటలు దాటుతుంది. ఐదేళ్ల కోటా ఏడు నెలల్లో అయిపోతుంది. అందులో ఎంతైనా లెక్కించమనండి.

పెద్ద డాక్టరు: చూశావా, నా గొడవ ఆ అరగంట ఎక్కువైందని కాదని నీకే తేలింది. అది మరీ తక్కువ, అదీ తప్పు చోట. కానీ ఈ సమావేశాన్ని లెక్కలోకి ఎక్కించకు. లెక్కలోకి ఎక్కిన ప్రతిదాన్నీ మనవాళ్లు ఫారంగా మార్చేస్తారు. ‘ప్లాన్ చూడబడినది’ అని రబ్బరు స్టాంపు తయారవుతుంది. కింద మూడు సంతకాలు, చూసినవాడు ఒక్కడూ ఉండడు. ఇష్టంతో కూర్చున్న ఇద్దరు డాక్టర్లు, స్టాంపుతో కూర్చున్న ఇరవైమంది కంటే మేలు.

చిన్న డాక్టరు: ఇష్టం మీద వదిలేస్తే మీలాంటివాళ్లు చేస్తారు సార్. మీకు అవసరం తక్కువ. అవసరం ఎక్కువున్నవాళ్లే చెయ్యరు. నిబంధన మీ కోసం కాదు, ఏ వ్యాసం చదవకుండా, ఎవరికీ ప్లాన్ చూపించకుండా మరో పాతికేళ్లు రోగుల్ని చూసే డాక్టరు కోసం. అతని రోగికి డాక్టర్ని ఎంచుకునే వీలుందా? ఆరోగ్యశ్రీ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లితే అక్కడికి రావలసిందే.

పెద్ద డాక్టరు: అతను కూడా స్టాంపు వేయించుకుంటాడు. రోగికి ఏం ఒరిగింది?

చిన్న డాక్టరు: స్టాంపు అయినా, దాని మీద ఇంకో డాక్టరు పేరుంటుంది. తన పేరు పడుతుందంటే పదిమందిలో ఇద్దరైనా తెర వైపు చూస్తారు. ఆ ఇద్దరి కోసం నేను నిబంధన అడుగుతాను.

పెద్ద డాక్టరు: మిగతా ఎనిమిదిమంది చూడకుండా పెట్టిన సంతకాల వల్ల, అందరూ చూశారని రోగి నమ్ముతాడు. ఆ నమ్మకం అబద్ధం. దానికి నేను చెయ్యి కలపను. సరే, సోమవారం మొదలయ్యే కేసు ఉంది, ముఖద్వార క్యాన్సర్, సీటీ ఇవాళ తీశారు. నేను గీసింది నువ్వు చూడకుండా నువ్వు విడిగా గియ్యి. శనివారం ఫిజిసిస్టునీ, టెక్నీషియన్‌నీ కూర్చోబెట్టి రెండూ ఒకదాని మీద ఒకటి వేసి చూద్దాం. ఎక్కడ తేడా వస్తే అక్కడ వాదించు.

చిన్న డాక్టరు: గీస్తాను. ఆ గంటని రెన్యువల్ ఫారంలో ఏ గడిలో రాయాలో కౌన్సిల్‌ని అడుగుతూ ఉత్తరం కూడా రాస్తాను. మీరు సంతకం పెడతారా?

పెద్ద డాక్టరు: పెట్టను. అలాంటి గడి పెట్టిన మర్నాడే చూడకుండా నింపేవాళ్లు పుడతారు.

చిన్న డాక్టరు: గడి లేనందువల్ల ఇన్నేళ్లూ చూసేవాళ్లే పుట్టలేదు. నా ఒక్క సంతకంతోనే పంపిస్తాను సార్.